పెద్దమ్మ నోరు ఎవరు చూడాలి?

గేదె పొదుగు మీద గడ్డ కనిపిస్తే సాయంత్రానికల్లా పశువుల డాక్టరుకి కబురు వెళ్తుంది. అదే ఇంట్లో ఆడమనిషి అంగిలి మీద మచ్చ ఏడాదిగా ఉన్నా ఎవరికీ పట్టదు. కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా గొలుగొండ వైపు పెద్దవాళ్ళ అడ్డపొగ మీకు తెలిసిందే. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టి పీలుస్తారు. గాలికి ఆరదు, చేతులు పనిలోనే ఉంటాయి. ఆ సెగంతా అంగిలికే. ఇదేమీ కొత్త సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూసి, అడ్డపొగ వల్ల అంగిలికి ఏమవుతుందో డాక్టర్లు 1971లోనే రాశారు. యాభై ఏళ్ళు దాటినా మనం మాత్రం ఇంట్లో ఒక్క నోరు చూడలేదు!

మా పెద్దమ్మకి అన్నం కారంగా తగిలితే "వేడి చేసింది" అని మజ్జిగ పోశాం. తర్వాత టార్చి వేసి చూస్తే అంగిలి తెల్లగా, మధ్యలో పుండు. "ఈ వయసులో నాకెందుకే పరీక్షలు?" అంది. ఇంట్లో మగవాళ్ళు ఇంకో మాట కలిపారు: "ముక్క తీస్తే పాకిపోతుంది."

ఎవరు చెప్పారండీ? ముక్క పరీక్ష అంటే చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడటం. జబ్బు ముదిరేది దానివల్ల కాదు, మన ఆలస్యం వల్ల. తెల్ల మచ్చలన్నీ క్యాన్సర్ కావు. ఏది అవునో, ఏది కాదో కంటితో తేల్చలేం కాబట్టే ఆ పరీక్ష.

పొగ నోటితో ఆగదు కదా, ఊపిరితిత్తులదీ అదే కథ. స్కానులో "మచ్చ ఉంది" అనగానే సగం మంది ఏడుపు మొదలెడతారు, సగం మంది కాగితం బీరువాలో పెట్టేస్తారు. రెండూ తప్పే. పాత టీబీ కూడా మచ్చ వదుల్తుంది. సైజు, అంచులు, పాత ఫిల్ముకీ ఇప్పటికీ పెరిగిందా లేదా చూసి డాక్టరు చెప్పాలి. మూడు నెలలకి మళ్ళీ స్కాను అంటే మళ్ళీ వెళ్ళాలి, అంతే.

నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే నర్సీపట్నం బస్సెక్కండి. అవసరమైతే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చుట్ట మానమని రేపు పోట్లాడుకుందాం. ఈ రాత్రికి మాత్రం టార్చి తీసుకుని "పెద్దమ్మా, నోరు తెరువు" అనండి.