గాలానికి ఒక హద్దు

సెలవు రోజున పట్టణవాసులు పల్లె వైపు వెళ్ళి, ఒక పూట పచ్చగాలి పీల్చి రావడం నేడు అలవాటయింది. అటువంటి విహారాల్లో చేపల చెరువు గట్టున గాలం వేయడం ఒకటి. కేరళలో కొచ్చికి చేరువన ఉన్న వైపిన్ దీవిలో ఞారక్కల్ అనే ఊరున్నది. అక్కడ మత్స్యఫెడ్ అనే రాష్ట్ర సహకార సంస్థ చేపల క్షేత్రాన్ని నడుపుతున్నది. ఆ సంస్థ 1984లో ఏర్పడింది. రుసుము చెల్లించిన వారు అక్కడ పడవ ఎక్కవచ్చు, గాలం వేయవచ్చు. పట్టిన చేపను తూకం వేయించి, వెల ఇచ్చి ఇంటికి తీసుకొని పోవచ్చు.

ఇటువంటి చెరువు గట్టుకు తొలిసారి వచ్చిన ఒక బాలుణ్ణి ఊహించుకోవచ్చు. గాలానికి ఎర గుచ్చి నీటిలో వేస్తాడు. బెండు కదలదు. అయిదు నిమిషాలకే విసుగు పుడుతుంది. గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతాడు. "అడుగుల చప్పుడు చేపకు తెలుస్తుంది బాబూ, కూర్చో" అంటాడు చెరువు కాపలా ఉండే తాత. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బెండు చటుక్కున మునుగుతుంది. కర్ర వంగుతుంది. వెండిలా మెరిసే చేప గడ్డి మీద పడి ఎగిరెగిరి పడుతుంది. బాలుడి ఆనందానికి మేర ఉండదు. చూస్తుండగా రెండోది, మూడోది కూడా పడతాయి. "చాల్లేరా, ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది" అంటాడు తండ్రి. "డబ్బు కట్టాం కదా నాన్నా! ఇంకా ఎందుకు పట్టకూడదు?" అంటాడు కొడుకు.

ఇది ఆ బాలుడు ఒక్కడే వేసే ప్రశ్న కాదు. గట్టున కూర్చున్న పెద్దల్లో చాలామంది మనసులోనూ ఇదే ఉంటుంది. కనుక ఆ డబ్బు దేనికి చెల్లుతుందో, దేనికి చెల్లదో ఆలోచించాలి.

చెరువులో చేప దానంతట అదే పెరగదు. మంచినీటి చెరువుల్లో పైనీటిలో మేసే బొచ్చె, నడుమ తిరిగే శీలావతి, అడుగున మేసే మోసు చేపలను కలిపి పెంచుతారు. ఒకప్పుడు వీటి పిల్లల కోసం వరదల కాలంలో నదులను గాలించవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు ఆ పరిస్థితిని మార్చారు. పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, చెరువులోనే చేపలు గుడ్లు పెట్టేలా చేశారు. అందుకే ఏటా జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు. చేపపిల్లలు దొరికినంత మాత్రాన రైతు శ్రమ తీరదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. అప్పుడు చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. ఆ వేళకు రైతు మెలకువగా లేకపోతే నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. విహారానికి వచ్చినవారు చెల్లించే రుసుము ఈ శ్రమకు ప్రతిఫలం. అది న్యాయమైనదే.

అయితే ఆ రుసుముతో ఒక ప్రాణిని ఆటవస్తువుగా చేసుకునే హక్కు రాదు. చేప అరవలేదు కాబట్టి దానికి నొప్పి ఉండదని చాలామంది అనుకుంటారు. 2003లో బ్రిటన్‌కు చెందిన లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేప నోటి చుట్టూ, తల మీద గాయాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలు ఉన్నాయని తెలియజేశారు. గాలం గుచ్చుకునేది సరిగ్గా అక్కడే.

దీనికి ఒక పరిష్కారం ఉన్నదని కొందరంటారు. ఇంగ్లాండులో రోజుకింత అని రుసుము తీసుకునే చెరువులు అనేకం ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల పట్టిన చేపను తిరిగి నీటిలో వదలాలి. గాలానికి వెనుక ముల్లు ఉండరాదని, చేపను తడిచేతులతోనే పట్టుకోవాలని నియమాలు పెడతారు. పొడిచేతులు తగిలితే చేపను కాపాడే జిగట పొర చెదిరిపోతుంది. ఈ జాగ్రత్తలు మెచ్చుకోదగినవే. కాని తినవలసిన అవసరం లేనప్పుడు, వదలడానికే గాయపరచడం ఎందుకు? స్విట్జర్లాండు 2008లో చేసిన జంతు సంరక్షణ నియమావళిలో, వదిలే ఉద్దేశంతోనే గాలం వేయడాన్ని నిషేధించింది. ఆ ఆలోచన సరైనది. పొరపాటున పడిన చిన్నపిల్లను వెంటనే వదలడం దయ. గంటకొకటి చొప్పున పట్టి వదలడం వినోదమే.

అసలు ఇటువంటి విహారమే తగదనే వారూ ఉన్నారు. మాంసాహారం ముట్టని వారి మాటలో నిజాయితీ ఉంది. అయితే చేప తినే ఇంటి పిల్లవాడు గట్టున కూర్చోవడంలో మేలే ఉన్నది. సంతలో చేప ధరకే కనిపిస్తుంది. గట్టున అది ప్రాణంతో కనిపిస్తుంది. ఒక్క చేప కోసం సగం రోజు కాచుకున్నవాడికి, చేపలు పట్టి బతికే వారి కష్టం కొంతైనా తెలుస్తుంది. ఒడిశాలోని పూరీ తీరాన పెంటకోటలో తెలుగు మత్స్యకారులు కాపురముంటున్నారు. వారు అలల మీదుగా పడవ నడుపుకొని పోతారు. వల నిండినా, నిండకపోయినా ఆ రోజు గడవాలి. ఇది తెలిసినవాడు బుట్ట ముందు కూర్చున్న అమ్మతో రూపాయి కోసం గంటసేపు బేరమాడడు.

కాబట్టి చెరువు గట్టున విహారం ఉండవచ్చు. కాని ఎన్ని పట్టాలన్నది గాలం వేయకముందే ఇంటివారు అనుకోవాలి. తినేంత పట్టిన తరువాత కర్ర పక్కన పెట్టాలి. తెగిన దారాన్ని, కాగితాలను గట్టున వదలకూడదు. ఆ దారం కొంగ కాలికి చుట్టుకుంటే ఊడదు.

ఆ బాలుడి ప్రశ్నకు తండ్రి ఇలా జవాబు చెప్పవచ్చు: "మనం కట్టిన డబ్బు చెరువును పెంచినవారి కష్టానికి నాయనా. చేప ప్రాణానికి మనమేమీ కట్టలేదు. అందుకే ఆకలికి సరిపోయినంతే తీసుకుందాం."