బడిగోడపై గీత ఎవరిది?

ప్రాథమిక పాఠశాల గోడను పిల్లలు తప్ప తక్కినవారందరును వాడుకొందురు. ఎన్నికల ముందు పార్టీలవారు, ఆ తరువాత సిమెంటు కంపెనీలవారు, ఎరువుల వర్తకులు దానిపై తమ మాట వ్రాయించుకొందురు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘నాడు–నేడు’ వలనను, తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు–మన బడి’ వలనను అనేక పాఠశాలలు రంగులకు నోచుకొన్నవి. పెచ్చులూడిన గోడలకంటె ఇది మేలని ఒప్పుకొనవలసినదే. కాని గోడపై బొమ్మ వేయవలసి వచ్చినప్పుడు సామాన్యముగా జరుగునదేమి? కూలికి కుదిరిన పెయింటరు సెలవుదినమున వచ్చును. అక్షరమాల, నెమలి, జాతీయనాయకుల ముఖములు వ్రాసి పోవును. సోమవారము పిల్లలు వచ్చునప్పటికి గోడ పూర్తియై యుండును. అది వారికి మరియొక పాఠ్యపుస్తకపు పుట.

ఇట్లుగాక, చిత్రకారుడొకడు బడికి వచ్చి, పిల్లలతో కూడి, ఊరందరును చూచునట్టి చిత్రమును గోడపై వేయు పద్ధతి యొకటి కలదు. దానిని మెచ్చుకొననివారు లేరు. ఆ మెచ్చుకోలులో ఒక ప్రశ్న మాత్రము మరుగుపడుచున్నది: గోడపై గీత ఎవరిది?

చిత్రకారుడు గీయగా పిల్లలు రంగులు నింపుట సులభమైన దారి. ఇది మనకు కొత్తయు కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో చేయి తిరిగిన పనివాడు కలముతో గీత గీయును. రంగులద్దుటకు ఇతరుల చేతులు తోడగును. సంక్రాంతినాడు తల్లి చుక్కలు కలిపిన ముగ్గులో కూతురు రంగు నింపును. అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్ 1989 మే నెలలో షికాగో నగరమున ఇదే చేసెను. సుమారు 480 అడుగుల పొడవున నిలిపిన పలకలపై అతడు నల్లని గీతలతో మనుష్యాకృతులను గీయగా, ప్రభుత్వ పాఠశాలల పెద్ద తరగతుల విద్యార్థులు దాదాపు 500 మంది వాటి నడుమనున్న ఖాళీలను తమకు తోచిన రంగులతో నింపిరి. అదే నెలలో అతడు అయోవా సిటీలోని హార్న్ ప్రాథమిక పాఠశాలకు వెళ్లెను. 1984 నాటినుండి ఆ బడిపిల్లలతో అతనికి స్నేహము. అక్కడి గ్రంథాలయపు గోడపై, పిల్లలు చూచుచుండగా, ‘పుస్తకము నిండ వినోదము’ అను అర్థము వచ్చు పేరుతో తానే ఒక చిత్రము గీసెను. అప్పటికే అతనికి ఎయిడ్స్ వ్యాధి సోకియుండెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో, 31 ఏండ్ల వయసున మరణించెను. అట్టి స్థితిలో పసిపిల్లల బడికి వెళ్లి నవ్వు పుట్టించు బొమ్మ గీసినవాని మనస్సు గొప్పది. అయినను రెండు చోట్లను గీత అతనిదే.

ఎదిగిన విద్యార్థులకు అది చెల్లును. ఆరు మొదలు పదేండ్ల లోపు పిల్లల సంగతి వేరు. వారికి గీతయే భాష. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన గ్రంథమున పిల్లల చిత్రములు ఏ వయసున ఎట్లు మారునో వివరించెను. పెద్దలు గీసిన బొమ్మలకు రంగులు నింపించుట పిల్లల ఊహకు కీడని వాదించెను. ఉపాధ్యాయులు పలకలపై ప్రతిదినమును చూచునదే ఇది. చెరువును గీసిన పిల్ల నాలుగు గట్లమీది చెట్లను నాలుగు దిక్కులకు పడుకొనబెట్టును. గట్టు చుట్టి వచ్చినవారికి ప్రతి చెట్టును నిటారుగనే కనబడును గదా! ఇంటిని గీసినచో గోడలోనుండి పొయ్యి కనబడును, మంచము కనబడును. అవ్వ ఇంటికంటె ఎత్తుగా నుండును. ఏలయన ఆ ఇంట అవ్వయే పెద్ద. ఇవి తప్పులు కావు. కంటికి కనబడినదానిని గాక తాము ఎరిగినదానిని గీయుట.

చిత్రకారునికి పరీక్ష ఇక్కడనే. చేతిలో కుంచె యున్నది, ఎదుట ఎద్దుకు మూడు కాళ్లే యున్నవి. నాలుగవ కాలు తగిలించుటకు అర నిమిషము పట్టదు. ఆ అర నిమిషములో పిల్లవాడు నేర్చుకొనునది తన గీత పనికిరాదని. మరునాటినుండి వాడు పక్కవాని బొమ్మ చూచి గీయును.

మరి చిత్రకారుడేల యందురా? పని చాల కలదు. కొత్త సిమెంటు పూతలోని క్షారము రంగును తినివేయును. పూత బాగుగా ఆరువరకు ఆగవలెను. చెమ్మ యెక్కు గోడపై ఉప్పు పొంగి బొమ్మ పెచ్చులుగా రాలును. రెండవ తరగతి పిల్ల చేయి నాలుగడుగులకు మించి సాగుట కష్టము. పైభాగము సంగతి ముందే యోచింపవలెను. ఇంటి రంగులలో సీసము పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదను నియమము 2017 నవంబరు నుండి అమలులోనున్నను, డబ్బా మీది చీటి చదువక పిల్లల చేతికి రంగు ఈయరాదు. అరచేతియంత బొమ్మను గళ్లు గీసి గోడయంత చేయు ఉపాయము చూపవలెను. నలుబదిమంది వేసిన బొమ్మలు తిరునాళ్ల గుంపు కాకుండ, నడుమ ఒక ఏటినో బాటనో నడిపి కలుపవలెను. గీత గీయుటకంటె గీయక నిలుచుటకే ఇక్కడ ఎక్కువ విద్య వలయును.

తనిఖీకి వచ్చిన అధికారి, “ఏమండీ మాస్టారూ, ఈ ఎద్దుకు మూడు కాళ్లేమిటి?” అని నవ్వునేమో యని ప్రధానోపాధ్యాయులు జంకుదురు. నవ్వనిండు. బొమ్మ వేసినవానినే పిలిచి అడిగించినచో, నాలుగవ కాలు బురదలో దిగబడినదని వాడే చెప్పవచ్చును. ఇంతకంటె గట్టి చిక్కు మరియొకటి కలదు. బొమ్మలు బాగుగా వేయువారని పేరున్న అయిదుగురిని గోడవద్దకు పిలిచి, తక్కినవారిచేత నీళ్లు మోయించుట. నోరు మెదపని పిల్ల, చదువులో వెనుకబడినాడని వదలివేయబడిన పిల్లవాడు – గోడ ముందుగా కావలసినది వీరికి. ఒక్కొక్కరికి మూరెడు చోటైనను చాలును.

అయోవాలోని బడిని మార్చి కట్టవలసి వచ్చినప్పుడు, హేరింగ్ చిత్రమున్న గోడభాగమును కోసి తీసి భద్రపరచి, 2024లో అక్కడి విశ్వవిద్యాలయపు కళాప్రదర్శనశాలలో ఉంచిరి. ప్రసిద్ధుని గీతకు అది తగును. పిల్లల గోడకు అంత శ్రమ అక్కరలేదు. శాంతినికేతనమున కె.జి. సుబ్రహ్మణ్యన్ అంతటివాడు, కళాభవన్ గోడలపై తాను లోగడ వేసిన నలుపు తెలుపు చిత్రముల స్థానమున 2009లో, 85 ఏండ్ల వయసున, మరల కొత్తవి వేసెను. రెండు మూడు వానకాలములకు బొమ్మలు వెలిసి, వేసినవారు ఉన్నత పాఠశాలకు పోయిన పిదప, గోడకు సున్నము కొట్టి అప్పటి చిన్న తరగతులవారి చేతికి బొగ్గుముక్క ఈయవచ్చును. పాతవారిలో ఎవరైన వచ్చి, తమ అవ్వ బొమ్మను మాత్రము చెరపవద్దని అడిగినచో, ఆ మూల ఒక్కటి వదలిపెట్టవలెను.