ఫ్యూజు పోయిన చోట తీగ చుట్టకండి

రాత్రివేళ పాత కారులో ఉన్నట్టుండి లైట్లు ఆరిపోతే చాలామంది చేసే మొదటి పని, పోయిన ఫ్యూజు పీకి ఆ చోట రాగి తీగో, సిగరెట్ పెట్టెలోని వెండి కాయితమో చుట్టి పెట్టడం. లేదంటే చేతికందిన పెద్ద ఫ్యూజు గుచ్చడం. లైట్లు వెలుగుతాయి, ఇల్లు చేరతారు, మర్నాటికి ఆ సంగతే మరిచిపోతారు. తీగ మాత్రం అక్కడే ఉండిపోతుంది. దయచేసి ఈ పని మానండి. బండిని చేజేతులా తగలబెట్టుకోవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. వైరు ఎంత కరెంటు మోయగలదో చూసే కంపెనీవాళ్లు ఫ్యూజు రేటింగు పెడతారు. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. నీలం ఉండాల్సిన చోట ఆకుపచ్చ పెడితే వైరులో రెట్టింపు కరెంటు పారినా ఫ్యూజు పోదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పైగా పాత బండ్ల వయసు చూడండి: మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది, అంబాసిడర్ అదే ఏడాది మేలో. ఇన్నేళ్ల ఎండకూ ఇంజిను సెగకూ పెళుసెక్కిన వైరు తొడుగు ఆ వేడికి ఎంతసేపు ఆగుతుంది? ఎలుక కొరికిన చోటుంటే అసలే ఆగదు.

పోయిన ఫ్యూజును పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. లోపలి రేకు మధ్యలో కరిగి తెగి ఉంటే చాలావరకు లోడు ఎక్కువైనట్టు. ప్లాస్టిక్ లోపల నల్లగా మసి చిమ్మి ఉంటే ఎక్కడో వైరు బాడీకి తగిలి షార్టయినట్టు. అదే రేటింగుది ఒక్కటి వేయండి. అదీ పోతే అక్కడితో ఆపి, ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎక్కువ బండ్లలో గొడవ తెచ్చేది మనం తగిలించినవే. కంపెనీ హెడ్‌లైట్లు 60 వాట్లవైతే రెండూ కలిసి 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతాయి. వెలుగు చాలడం లేదని 100 వాట్లవి వేస్తే దాదాపు 17. పాత బండ్లు చాలావాటిలో ఆ కరెంటంతా రిలే లేకుండా స్టీరింగు దగ్గరి స్విచ్చి గుండానే పోతుంది. ఆ స్విచ్చి సాకెట్ విప్పిస్తే తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ పిన్ను చుట్టూ గోధుమరంగుకు తిరిగి కరిగి కనబడుతుంది. ఆ బండికి ముందు బల్బులు మార్చాలి, తర్వాతే ఫ్యూజు.

హారన్‌తో సహా మొత్తం ఒక్కసారే పోతే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. ఉప్పులా పేరుకుని, చేత్తో తిప్పితే కదులుతుంటే జబ్బు అక్కడే. తర్వాత ఇంజిను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు. మీటరుంటే బ్యాటరీ మీద పెట్టండి: ఇంజిను ఆపి ఉంచితే 12.6 వోల్టుల దాకా, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. నడుస్తున్నా పెరగకపోతే ఛార్జింగు లేదు, 15 దాటితే రెగ్యులేటర్ పోయింది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఛార్జింగు పరీక్షించడం డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి కంప్యూటర్‌ను కాల్చేస్తుంది. మెకానిక్ చేయబోయినా ఒప్పుకోకండి.

హైవే మీద ఇంజిను ఆగిపోతే తాళం చెవి బయటకు తీయకండి, స్టీరింగు లాకైపోతుంది. బ్రేకును పదేపదే తొక్కితే పెడల్ గట్టిపడుతుంది, ఒకే ఒత్తుతో బండిని పక్కకు దించండి. అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడి, జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయండి. పొగ వస్తుంటే ఇంజిను ఆపేసి, దిగి, 101కి చేయండి. లోపల ఏముందోనని బానెట్ బార్లా తెరిస్తే గాలి తగిలి మంట లేస్తుంది.

15 ఏళ్లు నిండిన సొంత కార్లను రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం రవాణా శాఖ తనిఖీకి తీసుకువెళ్లాలి. అక్కడ లైట్లు వెలుగుతున్నాయా అని చూస్తే చాలదు, ఫ్యూజు బాక్సు మూత కూడా తీసి చూడాలి. చేతులు మారిన బండి కొన్నవాళ్లు అందాకా ఆగొద్దు. ఈరోజే మూత తీయండి. తీగ కనబడితే, ఆ సర్క్యూటు బాగుచేయించేదాకా ఆ బండిని బయటికి తీయకండి.