వరాఛాలో ఫ్రెంచి భోజనం

"సూరత్‌లో భోజనం, కాశీలో మరణం" అని గుజరాతీలలో ఒక నానుడి ఉన్నది. ఈ రెండూ దక్కినవాని జన్మ ధన్యమని దాని భావం. భోజనానికి అంతటి పేరు గల నగరంలో, అందునా వజ్రాల సానపనికి ఆటపట్టయిన వరాఛాలో, మంచి ఫ్రెంచి భోజనశాల కోసం వెదకబూనడం కొందరికి వింతగా తోచవచ్చును.

కాని ఆ కోరికకు కారణం లేకపోలేదు. వరాఛా వాసులలో చాలామంది సౌరాష్ట్రలోని భావనగర్, అమ్రేలీ ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడినవారు. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది సూరత్ పనివారి చేతుల మీదుగానే సాగిపోతాయని అంచనా. ఆ వజ్రాల వెంట ఇక్కడి వర్తకులు బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరానికి పోయి వస్తుంటారు. అక్కడ చవిచూచిన రుచి ఇంటికి వచ్చాక గుర్తుకు వస్తుంది. అక్కడి నుండి వచ్చిన అతిథికి మర్యాద చేయవలసి ఉంటుంది. చదువుకొనే పిల్లలకు కొత్త రుచుల మీద మనసు పోతుంది. అయితే ఆ బల్ల దగ్గరే, జన్మలో మాంసం ముట్టని నాయనమ్మ కూడా కూర్చుంటుంది. ఆమె నమ్మకం చెడకుండా అందరికీ తృప్తిగా పెట్టగల చోటు ఏది? వెదకవలసినది దానినే.

సూరత్‌కు ఫ్రెంచివారు కొత్తవారు కారు. 1664లో ఏర్పడిన ఫ్రెంచి తూర్పు ఇండియా వర్తక సంఘం మన దేశంలో తన తొలి వర్తకస్థానాన్ని 1668లో ఇక్కడనే తెరిచింది. ఫ్రాంస్వా కారొన్ దానికి సారథి. ఆ మరుసటి ఏడే వారు మన మచిలీపట్నానికి వచ్చారు. యానాం 1954 వరకు వారి ఏలుబడిలోనే ఉన్నది. అయినా సూరత్ వంటింట వారి జాడ చెప్పుకోదగినంతగా కనబడదు. డచ్చివారి రొట్టెల బట్టీలో పుట్టినదని చెప్పుకొనే నాన్‌ఖటాయి మాత్రం నేటికీ ఈ ఊరి సొత్తు. కనుక ఫ్రెంచి వంటను వెదికేవారికి ఇక్కడ పాత సంప్రదాయం దారి చూపదు. ఎవరి దారి వారే వెదకుకోవాలి.

పేరుపలకను నమ్ముకొంటే ప్రయోజనం లేదు. ఏ ఫలహారశాలలోనైనా దొరికే "ఫ్రెంచ్ ఫ్రైస్" మావి సుమా అని బెల్జియంవారు ఏనాటి నుండో వాదిస్తున్నారు. "రెస్టారెంటు" అన్న మాట మాత్రం అచ్చంగా ఫ్రెంచివారిదే. నీరసించిన దేహానికి సత్తువ కలిగించే రసాన్ని వారు ఆ పేరుతో పిలిచేవారు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో పారిస్‌లో ఆ రసం అమ్మిన అంగళ్లకే క్రమంగా ఆ పేరు స్థిరపడింది. అది మాంసపు రసం. వరాఛాలో ఎదురయ్యే చిక్కు ఆ పేరులోనే ఉన్నదన్నమాట!

ఫ్రాన్సులో ఈ వెదుకులాటను తేలిక చేసినది మోటారు టైర్లు తయారుచేసే మిషెలిన్ కంపెనీ. 1900లో అది ప్రయాణికుల కోసం ఒక మార్గదర్శిని వెలువరించింది. 1926లో మంచి భోజనశాలలకు నక్షత్రం ఇవ్వడం ప్రారంభించి, 1931లో దానిని మూడు అంతస్తులుగా విభజించింది. తోవ మళ్లి వెళ్లదగినది రెండు నక్షత్రాల చోటు. దానికోసమే ప్రయాణం కట్టదగినది మూడు నక్షత్రాల చోటు. పరీక్షకులు తామెవరో చెప్పకుండా తిని, సొమ్ము చెల్లించి వస్తారు. వరాఛాలో మనకు ఆ నక్షత్రాలు లేవు. అయినా అన్నం ఉడికినదీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందన్న మన పెద్దల మాట ఉన్నది.

ఫ్రెంచి భోజనంలో ఆ మెతుకు రొట్టె. పిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే ద్రవ్యం ఇవి తప్ప మరేవీ చేర్చకుండా చేసినదే సంప్రదాయపు రొట్టె అని 1993లో ఫ్రెంచి ప్రభుత్వం శాసించింది. అది పూర్తిగా శాకాహారమే. పైపొర కరకరలాడుతూ, లోపల గుల్లగా, నమలగా నమలగా రుచి పెరిగే రొట్టె పెట్టినచోట వంటవానికి ఓపిక ఉన్నదని తెలుసుకోవచ్చును. తీపిగా, దూదిపింజలా ఉన్న రొట్టె పెట్టితే తక్కినవి చెప్పించే ముందు కొంచెం ఆలోచించాలి. ఆపైన పట్టిక చూడాలి. ఇటలీ, చైనా, మెక్సికో, పంజాబు వంటకాల నడుమ ఇరుక్కొన్న నాలుగు ఫ్రెంచి పేర్ల కంటె, పది పన్నెండు వంటకాలే గల పొట్టి పట్టిక నమ్మదగినది.

ఇక ముఖ్యవిషయం. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుండి మద్యనిషేధం అమలులో ఉన్నది. ఫ్రెంచి వంటలో ద్రాక్షసారాయి, మాంసరసం రెండు మూలస్తంభాలు. ఆ రెండూ లేనిచోట వంటవాని పని అనువాదకుని పని వంటిదే. అనువాదమే వృత్తిగా గల నావంటి వారికి ఈ ఇబ్బంది నిత్యం ఎదురయ్యేదే. మూలంలోనిది ఈ భాషలో ఇమడనప్పుడు దానిని విడిచిపెట్టవచ్చును. విడిచిపెట్టినట్లు చెప్పకుండా "ఇదే మూలం" అనడం మాత్రం పాఠకుణ్ణి వంచించడమే. "కోక్ ఓ వాఁ" అంటే ద్రాక్షసారాయిలో ఉడికిన కోడి. కోడినీ సారాయినీ తీసివేసి, పనీరు ముక్కలు వేసి, పేరు మాత్రం అలాగే ఉంచితే అక్కడ మిగిలినది పేరొక్కటే గదా!

అలా పేరు అరువు తెచ్చుకొనే అవసరం కూడా లేదు. పుట్టుకతోనే మాంసం ఎరుగని ఫ్రెంచి వంటకాలు అనేకం ఉన్నాయి. వంకాయ, టమాటా, బుంగమిరప, ఉల్లి మొదలగువాటిని విడివిడిగా మగ్గించి కలిపే ప్రోవాన్స్ సీమ "రతతూయ్" అటువంటిది. పాలమీగడలో ఆలుగడ్డ బిళ్లలు పేర్చి కాల్చే "గ్రాతాఁ దోఫినువా" మరొకటి. వెన్న, పిండి, పాలు కలిపి చేసే "బెషమెల్" వారి ప్రధానమైన చిక్కని రసాలలో ఒకటి. బ్రిటనీ సీమవారు పోసే "గాలెట్" మన అట్టుకు దూరపు చుట్టం. దానికి వాడేది ఉత్తరాదివారు ఉపవాస దినాలలో తినే కుట్టు పిండే.

కనబడని మాంసం సంగతి వేరు. ఉల్లిపాయ సూపుకు ఆధారం సాధారణంగా గొడ్డుమాంసపు రసం. అనేక సంప్రదాయపు జున్నులలో పాలను విరిచేది దూడ కడుపు నుండి తీసిన పదార్థం. కొన్ని తీపివంటలు గడ్డకట్టడానికి వాడే జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుండి వచ్చినది. తీపిరొట్టెలలో గుడ్డు ఉండనే ఉంటుంది. "సూపుకు ఏ రసం వాడారు? జున్ను పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉన్నదా? ఇది దేనితో గడ్డకట్టింది?" అని ముందుగానే అడగడం అమర్యాద ఎంతమాత్రం కాదు. మంచి వంటవాడు సంతోషించి చెబుతాడు. "అంతా వెజ్జే సార్" అని తేల్చివేసేచోట నాయనమ్మను కూర్చోబెట్టకపోవడం మేలు.

చివరగా ఋతువును గమనించాలి. ఫ్రెంచివారు ఏ కూర ఏ నేల పంటో, ఏ నెలలో వచ్చినదో చూచి మరీ వండుతారు. వరాఛాకు పొరుగున ఉన్న కతార్‌గామ్ పాపడీ చిక్కుళ్లు లేనిదే చలికాలపు ఉంధియు ఉంధియు కాదనే సూరతీలకు ఈ పట్టుదల ఎవరూ నేర్పనక్కరలేదు. ఫ్రాన్సులో రతతూయ్ వేసవి వంటకం. సూరత్‌లో మంచి టమాటాలు, వంకాయలు వచ్చేది చలికాలంలో. దానిని డిసెంబరులో వండి, మే నెలలో "ఇప్పుడు లేదండీ" అని చెప్పగల వంటవాడు వరాఛాలో మీకు కనబడితే అతని బల్ల వద్ద నిశ్చింతగా కూర్చోండి. నాయనమ్మను కూడా తీసుకువెళ్లండి.