పసిబిడ్డలున్న యింటికి ఏమి తీసికొనిపోవలెను?

బారసాలకో, పుట్టినరోజునకో, క్రిస్మసు పండుగకో పసిబిడ్డలున్న యింటికి పోవలసివచ్చినప్పుడు ఏమి తీసికొనిపోవలెననునది మన పట్టణమున నేడు చిన్న సమస్య కాదు. పెద్దవారికైనచో నాలుగు పండ్లు చాలును. పసివారి విషయమున మాత్రము జనులు తడబడుదురు. తడబడినవారు జగదాంబ కూడలి ప్రాంతమునకో, గాజువాక అంగళ్లకో పోయి, కంటికి నదరుగా కనబడిన ప్లాస్టిక్ కారునో, మీట నొక్కగనే కూతలు పెట్టు బొమ్మనో కొని, మెరుగు కాగితము చుట్టించి పట్టుకొనిపోవుదురు. అట్టి కారులు ఒక్కొక్క యింట మంచము క్రింద నాలుగైదు పడియుండుట మేము చూచియున్నాము. ఒకదానికి చక్రము లేదు, మరియొకదానికి బ్యాటరీ లేదు. పారవేయుటకు తల్లికి మనసొప్పదు, దాచుటకు చోటు లేదు. ఈ విషయమున మాకొక యభిప్రాయము గలదు. విద్యార్థులును, వారి తలిదండ్రులును ఓపికతో వినవలెనని కోరుచున్నాము.

ముందుగా ఆ యిల్లెట్టిదో విచారింపవలెను. 1933 లో నౌకాశ్రయము తెరువబడినది మొదలుకొని, 1971 లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన తరువాత మరింతగను, శ్రీకాకుళము, విజయనగరము, గోదావరి ప్రాంతములనుండియు, ఒడిశా మున్నగు పొరుగు రాష్ట్రములనుండియు కుటుంబములు వచ్చి ఇచ్చట స్థిరపడినవి. ఉద్యోగము దొరకినది గాని, అమ్మమ్మయు నాయనమ్మయు ఊరనే యుండిపోయిరి. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి పగలు నిద్రించును. రెండు గదుల యింట, బిడ్డ యేడ్చి ఆయనను లేపకుండ నూరడించుచు తల్లి వంట చేయును. ఇట్టి యింట కూతలు పెట్టు బొమ్మ యెంతటి యుపకారియో చదువరులే యూహింపవచ్చును.

ఆ యింట కొరవడినది వస్తువు గాదు, చేయి. కావున మొదటి కానుక అంగటిలో దొరకునది కాదని మా నిశ్చితాభిప్రాయము. బాలింత యున్న యింటికి వేడి యన్నము, చారు, ఒక కూర క్యారియరులో పెట్టి పంపుట. మినుప సున్నుండలు చేసి డబ్బాలో నింపి యిచ్చుట. ఆదివారము సాయంకాలము పెద్దబిడ్డను సముద్రతీరమునకు తీసికొనిపోయి రెండు గంటల తరువాత తెచ్చి అప్పగించుట. ఇవి యన్నియు కానుకలే. పెద్ద తరగతుల విద్యార్థులు చీటీలు వ్రాసి కుట్టి యియ్యవచ్చును. "ఈ చీటి చూపినచో ఒక సాయంకాలము మీ బిడ్డ నాడింతును", "ఈ చీటి చూపినచో రేషను సరకులు తెచ్చి పెట్టెదను" అని పది చీటీలు చాలును. వ్రాసినవాడు మాట నిలుపుకొనవలెను, అదియొక్కటియే దీని ఖరీదు. తూర్పుదేశపు జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చినట్లు మన పిల్లలు క్రిస్మసు నాటకమున ప్రతియేట అభినయింతురు. ఆ తల్లికి ఒక కుండెడు వేడినీళ్లు కాచి యిచ్చిన వారెవ్వరో గ్రంథమున లేదు గాని, ఎవరో యొకరు ఉండియే యుందురని మాకు తోచుచుండును.

రెండవది బొంత. దీనిని గురించి కొంచెము విపులముగా వ్రాయుదుము, ఏలయనగా మన యుత్తరాంధ్రమున ఇంటింట నుండిన యీ విద్య మా కండ్లయెదుటనే సన్నగిల్లుచున్నది. బొంతకు కొత్తబట్ట పనికిరాదు. అనేక పర్యాయములు ఉతికి మెత్తబడిన నూలుచీరలే కావలెను. నైలాను, పాలియెస్టరు చీరలు చెమట పీల్చవు గనుక వానిని వేరుచేయవలెను. చీరలను వేడినీట నుతికి, మంచి యెండలో ఆరవేసి, నాలుగైదు మడతలుగా పరచి, అంచులు సరిచేసి, నడుమనుండి వెలుపలికి పోవుచు దూర దూరముగా మొదట పెద్ద కుట్లు వేయవలెను. మడతలు కదలకుండ నిలిచిన తరువాత దగ్గర దగ్గరగా సన్నకుట్లు వేసి, పెద్ద కుట్లను విప్పివేయవలెను. చీర యంచునే చుట్టును మడిచి కుట్టినచో వేరుగా అలంకారమక్కరలేదు. పూసలు, గుండీలు, రిబ్బనులు కుట్టరాదు, బిడ్డ వానిని పీకి నోట పెట్టుకొనును. ఇంకొక మాట. ఏడాది నిండని బిడ్డ నిద్రించునప్పుడు బొంతను పైన కప్పరాదు, అది ముఖముపై పడి ఊపిరికి అడ్డము రావచ్చును. నేలపై పరచి బిడ్డను బోర్లపడనిచ్చి ఆడించుటకే అది తగినది. నాయనమ్మ చీర యొక పొర, తల్లి చీర యొక పొర, మేనత్త చీర యొక పొరగా కుట్టిన బొంతపై ప్రాకిన బిడ్డకు ఆ సంగతి తెలియదు, పెద్దదైన తరువాత చెప్పువారుండవలెను.

కొత్తబట్ట తప్పక కొనవలెననువారికి శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరు గలదు. అచ్చట నేటికిని ప్రత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి నూలు వడకుదురు. అందు సన్నరకపు బట్టతో పసిబిడ్డకు రెండు జుబ్బాలు కుట్టవచ్చును.

ఇక బొమ్మల మాట. బొమ్మలు వలదని మేమనము. బొమ్మ లేని బాల్యమునకు మేము వకాల్తా పుచ్చుకొనలేదు. కాని బొమ్మయే కొనవలసివచ్చినచో, మన పట్టణమునకు దగ్గరనే, వరాహనది యొడ్డున ఏటికొప్పాక యుండగా దూరదేశపు ప్లాస్టిక్ ఏల? ఆ గ్రామము పూర్వము మన విశాఖపట్టణము జిల్లాలోనిదే, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. అచ్చటి పనివారు మెత్తని అంకుడు కర్రను తరిణెపై త్రిప్పి బొమ్మను తీర్తురు. తిరుగుచున్న బొమ్మకు రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తి పట్టగా, ఆ రాపిడి వేడిమికే లక్క కరగి కర్రకు పట్టుకొనును. కుంచెతో పూసిన రంగువలె అది పెచ్చులుగా లేవదు. గిలకలు, బొంగరములు, లక్కపిడతలు, చక్రముల యెడ్లు ఇట్లు పుట్టుచున్నవి. వీనిలో మూల లేదు, మొన లేదు. బిడ్డ నోట పెట్టుకొన్నను తల్లి గుండె ఝల్లుమనదు.

ఈ నిర్భయము దానంతట వచ్చినది గాదు. గత శతాబ్దిలో రసాయనపు రంగులు చౌకగా దొరకుటచే పనివారు వానికే అలవాటుపడిరి. ఆ గ్రామమువారేయగు శ్రీ సి. వి. రాజు గారు పసుపు, నీలి, జాఫ్రా గింజలు మున్నగువానినుండి రంగులు తీయు పద్ధతులను పరిశోధించి పనివారికి నేర్పిరి. ఈ కృషికి వారికి 2023 లో పద్మశ్రీ లభించినది. బొమ్మలకు 2017 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటము ఈ బొమ్మలతోనే నడచినది. శకటమును చూచి చప్పట్లు కొట్టినవారు, మరుసటి పుట్టినరోజునకు మరల ప్లాస్టిక్ కారు కొనుట మాత్రము మాకు వింతగా నున్నది. ఇవి చేతితో చేసినవే గాని మన చేతితో చేసినవి కావని ఆక్షేపింపవచ్చును. నిజమే. మన చేతులు చేయలేని దానిని, చేయగల పొరుగువాని చేతులనుండి కొనుట మాకు సమ్మతము.

ఇంట చేయదగినవియు లేకపోలేదు. తాటికాయ బుర్రలకు నడుమ పుల్ల గ్రుచ్చి, పంగలకర్రతో నడిపించు బండిని మించిన బండి మూడేండ్ల బాలునికి మరియొకటి లేదు. తాటాకు గిలక, కొబ్బరాకు బూర, కొబ్బరాకు గడియారము, ఇవి చేయనేర్చిన తాతలు భీమిలి త్రోవలోని పల్లెలలో నింకను గలరు. వారియొద్దకు పోయి కూర్చుండుటయే పని. గవ్వలు, చింతపిక్కలు, వామనగుంటల పీట ఆరేండ్లు దాటినవారికి మంచివే, అంతకు చిన్నవారున్న యింటికి తేరాదు. నోట పట్టునది గొంతునను పట్టును. ఈ సందర్భముననే చెప్పవలసినది మరియొకటి గలదు. మాటలాడు బొమ్మలలోను, వెలుగు బొమ్మలలోను నాణెమువంటి చిన్న బ్యాటరీ లుండును. బిడ్డ దానిని మ్రింగినచో రెండు గంటలలోపుననే అన్నవాహిక కాలి పుండుపడవచ్చును. అట్టి యనుమానము కలిగినచో క్షణమైన జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

బట్టపుస్తకము మా తరగతులలో చేయించి చూచితిమి. తెల్లని ముతక నూలుబట్టను ఎనిమిది పుటలుగా కత్తిరించి కుట్టి, పుటకొక బొమ్మను రంగుగుడ్డతో అతికి కుట్టుటయే. ఓడ, దీపస్తంభము, డాల్ఫిన్ ముక్కు కొండ, జాలరివాని తెప్ప, ఎర్రమట్టి దిబ్బలు, ఇట్లు బిడ్డ రేపు కిటికీలోనుండి చూడబోవు వస్తువులే అందుండవలెను. నోట పెట్టినను చినగదు, ఉతికినను పోదు. వీనికంటెను విలువైనది పాటల పుస్తకము. ఊరనున్న నాయనమ్మ నడిగి, ఆమె పాడిన జోలపాటలను, లాలిపాటలను, పొడుపుకథలను ఆమె మాటలలోనే, ఆ యాసతోనే, నోటుబుక్కులో వ్రాసి యిచ్చుట. సెల్‌ఫోనులో ఆమె కంఠమును పట్టినచో మరియు మంచిది. ఒడియా మాటలాడు యింట ఒడియాలోనే వ్రాయవలెను. ఈ కానుకకు గడువు గలదు. ఆ ముసలమ్మలు మన తీరికకై వేచియుండరు.

ఇట్లు వ్రాయుటకు మాకు కలిగిన ముఖ్యకారణము వేరొకటి. పుట్టినరోజు విందుకు పిలుపు వచ్చినపుడు కొందరు బాలబాలికలు ఏదో యొక సాకు చెప్పి పోకుండుట మేమెరుగుదుము. కాంట్రాక్టు కూలి చేయు తండ్రిని మూడువందల రూపాయలడుగుటకు మనసొప్పక వారు మానుకొందురు. పోయినవారి చేతికి తిరుగు కానుక యని మరియొక ప్లాస్టిక్ డబ్బా వచ్చును. పిలిచినవారికి అప్పు, వచ్చినవారికి అప్పు, రానివానికి సిగ్గు. ఆహ్వానములో "కానుకలు వలదు" అని వ్రాసినను ఎవ్వరును నమ్మరు. "తన చేత చేసినది మాత్రమే తేవలెను" అని వ్రాసినచో నమ్ముదురని మా యాశ. బడిలోనైన ఈ నియమము నుంచవలెనని మేము ఉపాధ్యాయ సమావేశమున ప్రతిపాదింపబోవుచున్నాము.

ఇది స్త్రీలకు మరియొక పని తగిలించుటయేనని కొందరు తల్లులు మాతో ననిరి. వారి మాట న్యాయమైనది. ఉదయము ఐదింట లేచి వంటచేసి ఉద్యోగమునకు పోవు స్త్రీని, రాత్రి కూర్చుండి బొంత కుట్టుమనుట దయగల మాట కాదు. కాని సూది ఆడువారి చేతనే యుండవలెనని యెవ్వరు శాసించిరి? ఓడలో పనిచేయువారు తెరచాపలు కుట్టిరి, మన జాలరులు నేటికిని వలలు అల్లుచున్నారు. మా తొమ్మిదవ తరగతి బాలురు సన్నకుట్టును అరగంటలో నేర్చిరి. కుట్లు వంకరగా వచ్చినవి, బొంత మాత్రము నిలిచినది.

క్రిస్మసునకు, సంక్రాంతికి ఇయ్యదలచినవారు దసరా సెలవులనుండియే ఆరంభింపవలెను. చిన్న బొంతకే మూడువారముల సాయంకాలములు పట్టును. పాత నూలుచీరలు ఉతికి, ఆరవేసి, మడిచి తెచ్చినచో సూదులు, దారము, కత్తెర మేమిచ్చెదము. శుక్రవారము నాలుగు గంటల తరువాత తరగతి గది తెరచియే యుండును. తండ్రులును రావచ్చును.