పానా అమ్మాయి చేతికీ ఇవ్వండి

మగపిల్లాడు పాత కారొకటి కొనుక్కొచ్చి, ఇంటి వెనక షెడ్డులో విప్పదీసుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదీ సర్దుకుపోతారు. గుమ్మంలో గ్రీజు మరకలు, పెరట్లో నట్లూ బోల్టులూ, రాత్రి పదింటిదాకా గ్రైండరు మోత. 'వాడికి కార్ల పిచ్చి' అని అమ్మ మురిపెంగానే విసుక్కుంటుంది. అదే కారు కింద అమ్మాయి పడుకుని ఉంటే? 'ఇదేం పనే! ఆ చేతులు చూసుకున్నావా? రేపు చూడ్డానికొచ్చే వాళ్లేమనుకుంటారు?' అని మొదలవుతుంది. పిచ్చి ఒక్కటే, మన మాటే రెండు రకాలు.

సొంత చేతులతో పాత కారుకి టర్బో బిగించడం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఇంటి గ్యారేజీల్లో ఏళ్ల తరబడి సాగుతున్న సరదా. వీడియోల పుణ్యమా అని ఇప్పుడది మన పిల్లల ఫోన్లలోకీ వచ్చేసింది. 'టర్బో' అనగానే మనకి సంబంధంలేని విషయమని పేజీ తిప్పేయకండి. వంటింట్లో ఉన్నవాళ్లకి ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంజను నుంచి బయటికిపోయే వేడి పొగని వృథాగా వదలకుండా దాంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. అదే ఇరుసుకి రెండో వైపున్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువ వెళితే పెట్రోలూ ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతాయి. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మామూలు కార్లలోకి ఇది 1962లో అమెరికాలో వచ్చింది.

ఒత్తిడి హద్దు దాటకుండా పొగని పక్కదారి పట్టించే వాల్వు ఒకటి ఉంటుంది. మన కుక్కర్ మీది వెయిట్ చేసే పని లాంటిదే అదీనూ. గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే మంట తేడా చేసి పిస్టన్లు కరిగిపోతాయి. స్టవ్ మంట రంగు చూసి గాలి సరిపోవడంలేదని పసిగట్టే ఆడవాళ్లకి ఈ లెక్క ఒంటబట్టదంటారా? కుక్కర్ గ్యాస్‌కెట్ పాతబడితే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇంజను హెడ్ గ్యాస్‌కెట్ ఎందుకు పోతుందో విడమర్చి చెప్పాలా?

అసలు కారు చరిత్రలో తొలి దూర ప్రయాణం చేసింది ఆడమనిషే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన బండిలో వంద కిలోమీటర్లు దాటి పుట్టింటికి వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసుకుంది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించుకుంది. దారి పొడుగునా మరమ్మతులు తానే చూసుకుంది.

మన తెలుగింటి సంగతీ ఉంది. అయ్యలసోమయాజుల లలితకి పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, ఒళ్లో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి మూల గదే గతి. కానీ మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావు అలా అనుకోలేదు. కాలేజీ పెద్దల్ని ఒప్పించి కూతుర్ని చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికొచ్చారు. దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీ అందుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆ తండ్రి ఆ రోజు తలుపు తెరవకపోతే ఆమె తెలివి ఎవరికి తెలిసేది?

'ఇది ప్రమాదం కదండీ, ఆడపిల్ల ఎలా?' అంటారు. ప్రమాదమే, కాదనను. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద దూరితే ప్రాణం మీదికొస్తుంది, కింద గట్టి స్టాండ్లు ఉండి తీరాలి. వెల్డింగు వెలుగు నేరుగా చూస్తే కళ్లు దెబ్బతింటాయి. పెట్రోలు గొట్టాల పక్కన నిప్పురవ్వ పడితే షెడ్డే అంటుకుంటుంది. అయితే ఈ ప్రమాదాలు ఆడా మగా చూసి వస్తాయా? అమ్మాయికి పనికిరానిదైతే అబ్బాయికీ పనికిరాదు. ఇద్దరికీ కళ్లజోడు, చేతి తొడుగులు కొనివ్వండి. మంటలార్పే సిలిండరు గోడకి తగిలించండి. బలం పెంచే ముందు బ్రేకులు బాగుచేశారా అని ఇద్దర్నీ అడగండి.

చట్టం సంగతీ తల్లులు తెలుసుకోవాలి. మన దేశంలో కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డెక్కించడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడు సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు దగ్గరా పేచీయే. ఇంట్లో టర్బో బిగించిన బండి ఊరి రోడ్ల మీద తిరగడానికి కాదు. దాని చోటు రేసు ట్రాకు, లేదంటే కాలేజీ పోటీ. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే బండి తయారుచేసి నడిపే 'బాజా' పోటీలు మన దేశంలో 2007లో మొదలయ్యాయి. మీ అమ్మాయి కాలేజీలో అలాంటి జట్టుంటే చేరమని మీరే చెప్పండి. చేరాక రిపోర్టులు రాసే పని, స్పాన్సర్లకి ఉత్తరాలు రాసే పని మాత్రమే అంటగడితే ఒప్పుకోవద్దని కూడా చెప్పండి. పానా పట్టుకునే పనే అడగమనండి.

ఇక డబ్బు. టర్బో, దానికి తగ్గ గొట్టాలు, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు, లేతు పని, వెల్డింగు... మొదలుపెట్టాక ఖర్చుకి అంతుండదు. అబ్బాయి సరదాకి పొదుపు డబ్బు తీసే ఇంట్లోనే అమ్మాయి పై చదువు దగ్గర 'ఇప్పుడెందుకులే' అనే మాట వినిపిస్తుంది. ఒక పుస్తకం పెట్టి ఇద్దరి ఖర్చూ పక్కపక్కన రాసి చూడండి. మీకే తెలుస్తుంది.

అంత స్తోమత అందరికీ ఉండదు, అక్కర్లేదు కూడా. పాత స్కూటరు చాలు. స్పార్క్ ప్లగ్గు విప్పి తుడవడం, పంక్చరు వేయడం వస్తే ఆ పిల్ల నడిరోడ్డు మీద బండి ఆగినప్పుడు ఎవరి కోసమో ఎదురుచూడదు. మెకానిక్ చెప్పిన రేటుకి తలూపి రాదు, ఏ భాగం ఎందుకు మారుస్తున్నావని అడుగుతుంది. అంతకన్నా ముఖ్యం, చెడిపోయినదాన్ని విప్పి చూడొచ్చు, తిరిగి బిగించొచ్చు అనే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం కారుతోనే ఆగిపోదు కదా!

ఈసారి మీ ఇంట్లో బండి విప్పిన రోజున అమ్మాయిని టీ పెట్టుకురమ్మని పంపకండి. పానా అందుకోమనండి. టీ సంగతి అబ్బాయి చూసుకుంటాడు.