పండు కలిసినంత మాత్రాన బీరు పథ్యమవుతుందా?

మన వాడుకలో ‘మందు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. రోగాన్ని పోగొట్టేదీ మందే, మత్తు కలిగించేదీ మందే. ఈ రెండింటి నడుమనున్న గీతను చెరిపివేసే పానీయమొకటి నేడు మధ్యతరగతి కుటుంబాల విందులలోకి ప్రవేశిస్తున్నది. అదే పండ్లు చేర్చి తయారుచేసిన బీరు. బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాలలో అక్కడికక్కడే బీరు కాచి పోసే శాలలలో మామిడి బీరు కూడా లభిస్తున్నది. “ఇందులో ఉన్నవి పండ్లే కదా, ఏమీ చేయదు” అని అలవాటు లేనివారికి సైతం అందించడం చూస్తున్నాము. పండు పేరు చెప్పి మద్యానికి పథ్యమనే యోగ్యతను కట్టబెట్టడం ఎంతమాత్రం తగదు.

ఈ రకపు బీరుకు పేరెన్నికగన్న దేశం బెల్జియం. బ్రస్సెల్స్ నగర పరిసరాలలో బార్లీ, గోధుమలతో ‘లాంబిక్’ అనే బీరును తయారుచేస్తారు. కాచిన ద్రవాన్ని వెడల్పయిన తొట్లలో రాత్రంతా ఆరబెడితే, గాలిలోని ఈస్టు దానంతట అదే చేరి పులియజేస్తుంది. కొయ్యపీపాలలో ఉన్న ఆ బీరులో పుల్లని చెర్రీపండ్లు వేసి నెలల తరబడి నాననిస్తే అది ‘క్రీక్’ అవుతుంది. రాస్ప్‌బెర్రీ పండ్లు వేస్తే ‘ఫ్రాంబోయిస్’ అవుతుంది. అది ఆ ప్రాంతీయుల నేర్పు. దానిని మేము తక్కువ చేయడం లేదు.

అయితే ఆ పీపాలో పండు ఏమైనదో పాఠకులు గమనించాలి. పండులోని చక్కెరను ఈస్టు ఆహారంగా గ్రహించి ఆల్కహాలుగా మారుస్తుంది. పీచుపదార్థంలో అధికభాగం పిప్పితోపాటు అడుగున మిగిలిపోతుంది. సీసాలోకి వచ్చేది ముఖ్యంగా పండు రంగు, వాసన, పులుపు. ఇక తియ్యగా ఉండే రకాలలో పండ్లరసమో, చక్కెరో తరువాత కలుపుతారు. ఆ తీపి మద్యపు ఘాటును కప్పివేయడం వలన త్రాగేవానికి మోతాదు తెలియదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది.

“మన ద్రాక్షాసవంలో మాత్రం ఆల్కహాలు లేదా?” అని కొందరు ప్రశ్నిస్తారు. న్యాయమైన ప్రశ్నే. చరకసంహిత సూత్రస్థానంలో 84 ఆసవాలు పేర్కొనబడినవి. వాటిలో 26 పండ్లతో చేసేవి. ద్రాక్షాసవంలో పులియడం వలన సహజంగా ఏర్పడే ఆల్కహాలు సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు ఉంటుంది. కాని తేడా మోతాదులో ఉన్నది. 10 శాతం ఉన్నదనుకున్నా, 20 మిల్లీలీటర్ల ఆసవంలో ఉండేది సుమారు 1.6 గ్రాముల ఆల్కహాలు. 5 శాతం ఆల్కహాలు గల 330 మిల్లీలీటర్ల చిన్న బీరుసీసాలో ఉండేది సుమారు 13 గ్రాములు. అనగా ఎనిమిది మోతాదుల ఆసవంతో సమానం! పైగా ఆసవాన్ని వైద్యుడు రోగిని చూసి, సమంగా నీరు కలిపి, భోజనానంతరం, కొద్దికాలంపాటు మాత్రమే పుచ్చుకొమ్మంటాడు. విందులో ఈ నియమాలేవీ ఉండవు. అదే చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయానికి, అనగా మద్యంవలన కలిగే వ్యాధికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించబడినది. మద్యగుణాలు పదీ ఓజస్సు గుణాలు పదింటికీ విరుద్ధాలని అందులో వివరించారు.

ఆధునిక విజ్ఞానమూ ఈ విషయంలో నిష్కర్షగానే ఉన్నది. మద్యపానీయాలను క్యాన్సరు కారకాలుగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఆరోగ్యానికి హానిలేని మద్యపు మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఆ మద్యం పండుతో చేసినదా, ధాన్యంతో చేసినదా అనే విచక్షణ శరీరానికి లేదు. గర్భిణులు, కాలేయవ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు దీనిని బొత్తిగా ముట్టరాదు. మధుమేహానికి మందులు వాడేవారికి చక్కెర పెరగడమే కాక, ప్రమాదకరంగా పడిపోయే అవకాశమూ ఉన్నది.

మరొక మాట. మద్యరహితమంటూ ‘ఫ్రూట్ బీరు’ పేరుతో అమ్మే శీతలపానీయాలు కూడా ఉన్నవి. వాటిలో తరచుగా ఉండేది చక్కెర, గ్యాసు, పండు వాసన. మత్తు లేకపోయినా వాటిని పిల్లల చేతికివ్వడం మంచిది కాదు. బీరు అనే పేరును పసితనంలోనే నాలుకకు అలవాటు చేయడమెందుకు?

కాబట్టి గృహిణులు, పెద్దలు సీసాపై ముద్రించిన పండు బొమ్మను కాక, దాని చీటీపై ఉన్న ఆల్కహాలు శాతాన్ని, చక్కెర పరిమాణాన్ని చదవాలి. అతిథికి పండు పెట్టదలిస్తే పండునే కోసి పెట్టండి. ద్రాక్ష గుణం ద్రాక్షలోనే, మామిడి గుణం మామిడిలోనే సంపూర్ణంగా లభిస్తుంది. త్రాగదలచినవారు త్రాగేది మద్యమేనని తెలిసి త్రాగడం వేరు, పండ్లరసమని ఇతరులను నమ్మించడం వేరు. రెండవది ఆతిథ్యం అనిపించుకోదు.